పెట్టె సారుకు చదువు వచ్చు

శుక్రవారం సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి తలుపు కింద బాపు, అంటే మా నాన్న, రాసిన కార్డు ఉంది. "పెట్టె సారు పోయినాడు. వీలు చూసుకొని రావలెను." రెండే వాక్యాలు. నల్లగొండలో నేనుండే కిరాయి గదిలో ఆ కార్డు బల్ల మీద పెట్టి, ఆరిన బట్టలన్నీ మడతపెట్టి, మళ్లీ చదివాను. అప్పటికి గానీ మాట లోపలికి దిగలేదు.

హార్మోనియాన్ని మా దిక్కు పెట్టె అంటారు. పెట్టె భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి పాట నేర్పేవాడు కాబట్టి ఆయన మహబూబ్‌నగర్‌లో మా వాడకంతా పెట్టె సారు. నాకు రెండేళ్లకు పైగా పాట నేర్పిన గురువు. మర్నాడు పొద్దున్నే బయలుదేరి, దేవరకొండలో దిగి ఇంకో బస్సు పట్టుకుని, ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయన పోయి అప్పటికి మూడు రోజులు.

రైలుకట్ట పక్కన ఆయన రెండు గదుల ఇల్లు. అరుగు మీద పదిమంది కూర్చున్నారు. నన్ను చూడగానే ఒక పెద్దాయన చాప మీద పక్కకు జరిగాడు.

"రా బిడ్డా, రా. జర జరుగుండ్రి, సారుకు అక్షరాలు నేర్పిన పిల్ల వచ్చింది."

"మనిషికి చదువొక్కటే తక్కువ," అన్నాడు ఇంకొకాయన. "అది గూడ ఉంటె హైదరాబాద్‌ల ఉండేటోడు."

"ఏమన్న గానీ, ఆ వయసుల నేర్చిండు గద. గీ పిల్ల పుణ్యమే."

నేను వినయంగా తల వంచుకున్నాను. ఆ తల వంచుకోవడం తలుచుకుంటే ఇది రాస్తున్నప్పుడు కూడా చెవులు కాలుతున్నాయి. ఎందుకంటే వాళ్లన్న మాట అబద్ధం. ఆ అబద్ధం ఊళ్లో పుట్టింది నా నోటి నుంచి. ఆ అరుగు మీద కూర్చున్నప్పుడు నాకింకా ఆ సంగతి తెలియదు, ఒక గంట తర్వాత తెలిసింది. ఆయన పోయినా ఆయన మీద పడిన మాట ఊళ్లో అట్లాగే ఉంది. దాన్ని వెనక్కి తీసుకోవడానికే ఇదంతా రాస్తున్నాను. చదివేవాళ్లలో మా ఊరు పాలమూరు వాళ్లుంటే, ముఖ్యంగా ఆనాటి గ్రంథాలయం సభకు వచ్చినవాళ్లుంటే, దయచేసి చివరిదాకా చదవండి.

హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి బి.ఏ. పూర్తిచేసి ఇంటికి వచ్చినప్పుడు నాకు పొద్దు గడిచేది కాదు. టైపు నేర్చుకుంటానని పదిహేను రోజులు పోయి మానేశాను. కుట్టుమిషను ఒక నెల. ఆ తర్వాత పాట మీద పడ్డాను. హాస్టల్లో నా పక్క మంచం పిల్ల పాడేది. ఆమె పాడుతుంటే గదిలో అందరూ పుస్తకాలు మూసేవాళ్లు. నేను పాడినా మూయాలని నా కోరిక.

"ఇది ఎన్నోదే?" అంది మా అవ్వ. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. "గీ పాట గూడ మిషను లెక్కనే మూలకు పడుతదా?"

బాపు కలెక్టరు కచేరీలో గుమాస్తా. తక్కువ మాట్లాడే మనిషి. "ఇంటికొచ్చి చెప్పాలె, నీ ఒక్కదానికే చెప్పాలె. గంతే," అన్నాడు. నేనూ ఒక షరతు పెట్టాను: గురువును నేనే చూసి ఎంచుకుంటాను. ఇద్దరిని పిలిపించాం. నేను కాగితం మీద ప్రశ్నలు రాసుకుని, పక్కన గళ్లు గీసుకుని కూర్చున్నాను. ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చారు, ఏ పరీక్ష పాసయ్యారు, పాఠం ఎట్లా చెబుతారు. ఒక గురువును ఎట్లా ఎంచుకోవాలో నాకు ఎవరూ చెప్పలేదు. కాలేజీలో మమ్మల్ని ఎట్లా ఎంచారో అట్లాగే నేనూ ఎంచబోయాను.

మొదట వచ్చింది పెట్టె సారు. పంచె, లాల్చీ, భుజం మీద తువ్వాలు. చెప్పులు విడిచి, వాటిని వీధివైపు తిప్పిపెట్టి లోపలికి వచ్చాడు. ఎవరింటికి పోయినా అట్లాగే తిప్పిపెట్టేవాడని తర్వాత గమనించాను.

"ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని అడిగాను.

"హైదరాబాద్‌ల ఒక ఉస్తాద్ తాన. తొమ్మిదేండ్లు వాళ్లింట్లనే ఉన్న."

"పరీక్ష ఏదైనా పాసయ్యారా?"

"పరీక్షకేం, దినాం ఉండె. తప్పు పాడిన్నాడు అన్నం అందరి తర్వాత పెడుతుండె ఉస్తాద్."

అవ్వ పకపకా నవ్వింది. బాపు కూడా మీసాల కింద నవ్వాడు. నేను నవ్వలేదు. గడిలో 'లేదు' అని రాసుకున్నాను.

"నువ్వు అడుగుడు అయితె, నేనొకటి అడుగుతా," అన్నాడు ఆయన. "మీ అవ్వ వంటింట్ల ఉన్నదనుకో. పిలువు."

"అవ్వా!" అన్నాను.

"గది కోపంల పిలిచినట్టున్నది. మామూలుగ పిలువు."

మళ్లీ పిలిచాను. ఆయన పెట్టె తిత్తి ఆడిస్తూ ఒక్కో మెట్టూ నొక్కి చూసి, ఒకచోట వేలు ఆపాడు. నా పిలుపు ఆ మెట్టులోంచి మళ్లీ వినిపించినట్టయింది. "గిదే నీ జాగా బిడ్డా. ఈడికెల్లి మొదలుపెట్టుకుంటె గొంతుకు దెబ్బ తాకది," అన్నాడు. ఇంట్లో మనిషిని పిలిచే గొంతే అసలు గొంతని, దాన్ని పట్టుకునే ఎవరికైనా పాఠం మొదలుపెట్టాలని ఆయన పద్ధతి. ఏ ఇద్దరు పిల్లలకూ ఒకే మెట్టు పెట్టేవాడు కాదు.

నాకు మాత్రం చిన్నతనంగా అనిపించింది. ఆయన చూపించిన మెట్టు బాగా కిందిది. హాస్టల్ పిల్ల పాడే ఎత్తుకు అది ఎక్కడో అడుగున ఉంటుంది. ఆ ఉక్రోషంలోనే కాలేజీ నుంచి తెచ్చుకున్న స్వరాల పుస్తకం ఆయన చేతిలో పెట్టి, "ఇందులో ఏదైనా చదివి పాడండి," అన్నాను.

ఆయన పుస్తకాన్ని రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. నాలుగు పుటలు తిప్పాడు. తిరిగి ఇచ్చేశాడు.

"గీ అక్షరాలు నాకు రావు బిడ్డా. నేనేమో..."

"అయితే పాఠం రాసివ్వలేరన్నమాట," అని పుస్తకం మూశాను.

ఆయన పెట్టె తిత్తి మూసి కొక్కెం పెట్టాడు. సరిగ్గా అప్పుడే బాపు లేచి మంచినీళ్లకని లోపలికి వెళ్లాడు. సారు పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయేదాకా తిరిగి రాలేదు. ఆ సంగతి నేను చూశాను. చూసి, ఏమీ అనుకోలేదు.

"నీకు పాట గావాల్నా, పట్టా గావాల్నా?" అంది అవ్వ.

"రెండూ," అన్నాను.

రెండో ఆయన సర్కారు బడిలో మాస్టారు. రాష్ట్రం కలిసిన తర్వాత కోస్తా నుంచి వచ్చారు. ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్టు సంచిలో తెచ్చారు. నా పుస్తకం తీసుకుని గడగడా చదివి పాడారు. ఆయన తప్పేమీ లేదు, మంచి మనిషి, వచ్చింది వచ్చినట్టు చెప్పారు. "ఆడపిల్లలందరికీ ఇదే శ్రుతి," అని పై మెట్టు ఒకటి చూపించారు. 'అందరికీ' అన్న మాట నాకు నచ్చింది. ఆయన్ను ఎంచుకున్నాను.

అంతటితో ఆగి ఉంటే అది నా ఒక్కదాని పొరపాటు. మర్నాడు పక్కింటి చిన్నమ్మ గోడ మీది నుంచి అడిగింది, ఎవరిని పెట్టుకున్నారని. ఆమె కూతుళ్లిద్దరూ పెట్టె సారు దగ్గరే నేర్చుకునేవాళ్లు.

"పెట్టె సారుకు అక్షరం రాదు చిన్నమ్మా. పిల్లలకు ఏం రాసిస్తాడు?" అన్నాను.

"అట్లనా! మాకేం తెలుసు. బి.ఏ. చదివినదానివి, నీకు తెలుస్తది," అంది ఆమె.

ఆ నెలలోనే ఆమె పిల్లల చేత మాన్పించింది. ఆమెను చూసి ఇంకో రెండిళ్లవాళ్లు. అప్పటిదాకా దినమూ మూడు గంటలకు పెట్టె భుజాన వేసుకుని మా వాకిలి ముందు నుంచి పోయే మనిషి కనిపించడం మానేశాడు. చిన్నమ్మ ఇంట్లో మూడింటికి వినిపించే పాట కూడా ఆగిపోయింది. ఇది కూడా గమనించాను. గమనించడంలో నేనెప్పుడూ వెనకబడలేదు. ఎటొచ్చీ, కనిపించిందాన్ని నా తప్పుతో కలిపి చూసుకోవడం మాత్రం రాలేదు.

దసరా నాటికి నా గొంతు పూర్తిగా పోయింది. ఇంట్లో మంచినీళ్లు అడిగినా గీరుకుపోయిన చప్పుడే వచ్చేది. దవాఖానలో డాక్టరు రెండు నెలలు పాట మాట ఎత్తొద్దన్నాడు. ఈలోగా మాస్టారికి బదిలీ అయింది. గొంతు తిరిగి వచ్చాక అవ్వ ఒక్కటే మాట అంది: "పొయ్యి పెట్టె సారును తోలుకరా. నువ్వే పోవాలె. నేను రాను, మీ బాపు రాడు."

వెళ్లాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకున్నాను. ఆయన అరుగు మీద పెట్టె విప్పి, లోపలి ఇత్తడి రేకులు తువ్వాలుతో తుడుస్తున్నాడు. నన్ను చూసి, "గొంతెట్లున్నది ఇప్పుడు?" అన్నాడు.

"మీకెట్లా తెలుసు?"

"మీ ఇంటి ఎనక గల్లీల నుంచి పోవుకుంట రెండుమూడు సార్లు ఇన్న. అందని కొమ్మకు ఎగిరెగిరి పడుతుంటివి. ఇయ్యాలనో రేపో కాలు ఇరుగుతదనుకున్న." నవ్వి, రేకు మళ్లీ దాని జాగాలో బిగించాడు. "ఎల్లుండి బేస్తవారం. వస్త."

నేను కూర్చుకున్న మాటలన్నీ అట్లాగే మిగిలిపోయాయి. క్షమించమని అడగలేదు. అడగవలసిన అవసరం ఆయనే లేకుండా చేశాడని అప్పుడు ఎంత తేలికపడ్డానో! అది తేలికపడవలసిన విషయం కాదని ఇప్పుడు తెలుస్తున్నది.

ఆయన పాఠం చెప్పే తీరు గురించి ఎంతైనా రాయగలను. తప్పు పాడితే తిట్టేవాడు కాదు, వద్దనేవాడు కాదు. మెట్ల మీది నుంచి వేళ్లు ఎత్తేసేవాడు. పెట్టె ఆగిపోయేది. ఆ నిశ్శబ్దంలో నా తప్పు నాకే వినిపించి నేనే దిద్దుకునేదాన్ని. దిద్దుకున్నాక ఏమీ జరగనట్టు మళ్లీ వాయించేవాడు. చాయ్ సాసర్‌లో పోసుకుని, ఊదకుండా, చల్లారేదాకా పట్టుకుని కూర్చునేవాడు. "తొందరపడితె పాట నీకన్న ముందుగాల ఇల్లు చేరుతది బిడ్డా. నువ్వొక్కదానివే తొవ్వల మిగుల్తవు," అనేవాడు. నాకు ఈ మాట వారానికి మూడుసార్లయినా చెప్పవలసి వచ్చేది. ఒకసారి పాట మధ్య దగ్గు వస్తే మింగుకున్నాను. "దగ్గు, దగ్గు. దగ్గినంక పాడు. పాటకేం తొందర లేదు, నీకే," అన్నాడు.

నా గొంతు ఆయన మొదటిరోజు చూపించిన మెట్టు మీదే నిలబడింది. ఆర్నెల్లకు అవ్వ వత్తులు చేసుకుంటూ చేయి ఆపి వినేది. బాపు కచేరీ నుంచి వచ్చి, చొక్కా విప్పకుండా అరుగు మీదే కూర్చునేవాడు. నాకు అంతకుముందు ఏ పనీ పట్టున నెల దాటలేదు. పట్టుకుని కూర్చోవడం నాకు నేర్పింది ఆ మనిషే.

కొత్త పాట చెప్పినప్పుడల్లా ఆయన నోటితో చెబితే నేను రాసుకునేదాన్ని. "ఏం రాసినవు, సదువు," అని అడిగి, కళ్లు మూసుకుని వినేవాడు. ఎక్కడైనా అక్షరం జారితే అక్కడ చేయి ఎత్తేవాడు. అది చూసి నాకు జాలి కలిగింది. ఇంత పాట వచ్చిన మనిషికి రాత లేకపోవడం ఏమిటి! ఒకరోజు ఒకటో తరగతి వాచకం, పలక కొని తెచ్చి, "నేను నేర్పుతాను సార్. ఇందులో సిగ్గేమీ లేదు," అన్నాను.

ఆయన కాసేపు పలకను చూశాడు. "నేర్పు బిడ్డా," అన్నాడు. "పాఠానికి పాఠం."

బలపం చేతికిచ్చాను. ఆయన చేయి నేరుగా పలక కుడి అంచుకు పోయింది. నేను నవ్వి, ఆ చేతిని పట్టుకుని ఎడమవైపుకు తెచ్చాను. "ఇక్కడి నుంచి సార్." ఆయనా నవ్వాడు. ఎంత తొందరగా నేర్చాడో చెప్పలేను. వారంలో అచ్చులు, నెలలో గుణింతాలు. బలపం పట్టిన తీరు ఎన్నడూ రాయని మనిషి తీరు కానే కాదు. నేను అదంతా నా బోధన గొప్పతనం కింద జమ వేసుకున్నాను.

ఒకనాడు నా స్నేహితురాలితో కలిసి బజారుకు పోతున్నాను. హోటల్లో ఆయన చాయ్ ముందర పెట్టుకుని ఉర్దూ పత్రిక పరుచుకుని కూర్చున్నాడు. "మీ సారు పేపరు చదువుతున్నాడే!" అంది ఆమె. "బొమ్మలు చూస్తున్నాడు పాపం," అన్నాను.

ఆ మరుసటి ఏడు మా గ్రంథాలయంలో వయోజన విద్య మీద సభ పెట్టారు. హైదరాబాద్ నుంచి ఒక అధికారిణి వచ్చారు. నన్ను మాట్లాడమన్నారు. నేను పెట్టె సారును వెంటపెట్టుకుని వెళ్లాను. అక్షరం తెలియని కళాకారుడికి అక్షరం నేర్పిన కథ చెప్పాను. బలపం పట్టుకున్న చేయి పలక తప్పు అంచుకు పోయిందని, పలకకు మొదలేదో చివరేదో కూడా ఆయనకు తెలియలేదని చెబితే జనం విరగబడి నవ్వారు. వెనక వరుసలో షేర్వానీ తొడుక్కున్న ముసలాయన ఒక్కడు నవ్వలేదు. సారును వేదిక మీదికి పిలిచారు. వాచకంలోంచి రెండు వాక్యాలు చదివించారు. ఆయన చదివి, అందరికీ దండం పెట్టాడు. చప్పట్లు కొట్టి, బహుమతిగా ఒక కొత్త పలక ఇచ్చారు. దాన్ని చంకలో పెట్టుకుని ఆయన మెట్లు దిగడం నాకు బాగా గుర్తుంది. ఆ రోజు నేను ఎంత పొంగిపోయానో కూడా గుర్తుంది.

ఆ తర్వాత నల్లగొండలో ఆడపిల్లల బడిలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాను. సెలవులకు వచ్చినప్పుడు ఒక పూట ఆయన దగ్గర కూర్చునేదాన్ని. పోయిన వేసవిలో రానేలేదు.

మళ్లీ ఆ మూడో రోజుకు వస్తాను. అరుగు మీది జనం ఒక్కొక్కరే వెళ్లాక, సారు భార్య తలుపు దగ్గర నిలబడి నన్ను పిలిచింది. "బిడ్డా, జర లోపలికి రా."

గోడవారన ఉన్న సందూకలోంచి పొడుగాటి నోటుబుక్కు తీసి నా ఒళ్లో పెట్టింది. "గిది ఎవ్వలు రాసిండ్రు? చెప్పు."

తెరిచాను. పుటనిండా ఉర్దూ. నల్ల సిరా, ఒక్క కొట్టివేత లేదు, ముత్యాలు పేర్చినట్టు వరుసలు. "ఎవరు పెద్దమ్మా?" అన్నాను. నిజంగానే అడిగాను.

"ఎవ్వలేంది? మీ సారు. నైజాం కాలంల మిడిల్ పాసైండు. పార్సీ గూడ చదివిండు. గీ పాటలు, స్వరాలు, అన్నీ ఆయన రాసుకున్నయే."

నేను బడిలో చేరేసరికి రాజ్యం మారి, బడి తెలుగులోకి వచ్చింది. అంతకుముందు మా దిక్కు బడి, కచేరీ, కోర్టు అంతా ఉర్దూలోనే అని నాకు తెలియక కాదు. మా బాపే ఉర్దూలో చదివినవాడు. కానీ ఉర్దూ అంటే నాకు కచేరీ దస్తాలు, పాత బీరువాల వాసన. పంచె కట్టుకుని రామకీర్తన పాడే మనిషి ఆ కీర్తనను ఉర్దూ అక్షరాల్లో రాసుకుంటాడని నా చదువుకు తట్టలేదు.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వు చెప్పనిచ్చినవా?"

పెద్దమ్మ గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

"నేను అడిగిన. గా పిల్లకు చెప్పరాదు, నాకు చదువున్నదని, అన్న. 'ఉర్దూ వచ్చునంటె ఇప్పుడెవ్వలు మెచ్చుకుంటరే? తెలుగు రాకుండుడైతె నిజమే గద. నేర్పుతాంది, నన్ను నేర్చుకోనియ్యి' అన్నడు. నవ్వుకుంటనే పోయేటోడు నీ తానకు. గా మీటింగుకు పోయి పలక పట్టుకొని వచ్చిన్నాడు మాత్రం అన్నం తినలే."

నేను నోటుబుక్కు మూశాను.

"పొద్దటిసంది వచ్చినోళ్లంత గదే మాట. అక్షరం రానోడు, అక్షరం రానోడు. మనిషి పోయిండు గని మాట పోలే. నువ్వు పెట్టిన పేరు బిడ్డా. నువ్వే తియ్యాలె. మీటింగుల చెప్పినవు గద, గట్లనే నలుగుర్ల నిలబడి చెప్పు." నోటుబుక్కు నా ఒళ్లోంచి తీసుకుని సందూకలో పెట్టి మూత వేసింది.

ఇంటికి వచ్చి బాపును అడిగాను. "నీకు తెలుసా?"

"ఎందుకు తెల్వదు?" అన్నాడు బాపు. "దేవరకొండల ఇద్దరం ఒక్కటే బడి. నాకంటె ఒక జమాత్ ముందు. ఆయన దస్తూరి చూపిచ్చి మమ్ములను కొడుతుండె మౌల్వీ సాబు, గిట్ల రాయుండ్రి అని."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు బాపూ? లేచి లోపలికి పోయావు కదా?"

బాపు అటు తిరిగి కూర్చున్నాడు. తర్వాత గోడకు చెబుతున్నట్టు చెప్పాడు. "గప్పుడు ఆఫీసుల నా కాయితాలు చూసి నవ్వుతుండిరి. ఇరవై ఏండ్లు నౌకరి చేసి, నాకన్న చిన్నోళ్ల తాన తెలుగుల రాసుడు నేర్చుకుంటుంటి. ఇంట్ల ఎవ్వలికీ చెప్పలే. నువ్వు సారును గట్ల అంటుంటె నన్నే అన్నట్టుండె. నీ ముంగట నోరు రాలే."

ఒక్క పుస్తకం మూసి నేను ఆ రోజు ఇద్దరి నోళ్లు మూశానన్నమాట.

పదో రోజు వాడవాళ్లంతా సారు వాకిట్లో కూడారు. నాకు సభల్లో మాట్లాడటం అలవాటే. ఆ రోజు లేచి, అరుగు అంచుకు వచ్చి నిలబడ్డాను. "సారుకు చదువు వచ్చు," అన్నాను. "ఉర్దూలో వచ్చు. మనలో చాలామందికంటే బాగా వచ్చు. అక్షరం రాదని ఊరంతా చెప్పింది నేను. తెలుసుకోకుండా చెప్పాను. పలక కుడి అంచుకు ఆయన చేయి పోయింది ఉర్దూ అటు నుంచే రాస్తారు కాబట్టి. సభలో నేను మిమ్మల్ని నవ్వించింది ఆయన చదువు మీద, చదువు లేకపోవడం మీద కాదు. ఆ మాట ఇక ఎవరూ అనకండి."

పక్కింటి చిన్నమ్మ లేచింది. "గిప్పుడు చెప్తివా తల్లీ? నీ మాట ఇని మా పిల్లలకు పాట మాన్పిస్తిని గద. వాళ్లకు మళ్ల ఎవ్వలు చెప్తరు?"

"పోనీ తియ్యమ్మా, చిన్న పిల్ల," అన్నారెవరో.

చిన్నమ్మ మాటకంటే ఆ ఓదార్పు ఎక్కువ తగిలింది. చిన్న పిల్లను కాదు. ప్రశ్నలు రాసుకుని, గళ్లు గీసుకుని ఒక మనిషిని తూచినదాన్ని.

పెద్దమ్మ లోపలికి పోయి నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. "సదువు. రాకపోతె మీ బాపుతోని సదివిపిచ్చుకో."

ఇంట్లో బాపు కళ్లజోడు పెట్టుకుని దాన్ని కుడివైపు నుంచి తెరిచాడు. వేలు పెట్టి మెల్లగా చదువుతూ, తెలుగులో అర్థం చెబుతూ పోయాడు. పాటల మధ్య మధ్య, తాను చూసిన ప్రతి పిల్ల గొంతు గురించీ రెండు వరుసలు రాసుకున్నాడు ఆయన. ఒకచోట బాపు ఆగాడు. "గిది నీదే. గా మొదటి దినందే."

"ఏం రాశాడు?"

"గుమాస్తా బిడ్డ. గొంతు కింది జాగాల మంచిగున్నది. చెవి పదును. తొందర జాస్తి. నా తాన నేర్చుకుంటె బాగుండు."

"ఇంకా?"

బాపు పుట తిప్పి చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు. "ఇంకేం రాయలే," అన్నాడు.

పుస్తకం అందుకుని ఊరికే బోర్లించాను. ఆ చివరి అట్ట తీస్తే తెలుగు. ఎడమ నుంచి కుడికి, గుండ్రంగా, కాస్త వణుకుతూ. నేను 'ళ' రాస్తే తోక పొడుగు పోతుంది, బడిలో పంతులమ్మ చేత ఎన్నో తిట్లు తిన్నాను. ఆ 'ళ'కు అదే తోక. అటువైపున్న పాటలనే ఒక్కొక్కటిగా ఇటువైపు తెలుగులోకి దించుకుంటూ వచ్చాడు. ప్రతి పాట పైనా 'పిల్లలకు' అని రాసి ఉంది.

బాపు అటు నుంచి, నేను ఇటు నుంచి ఒక్కో కాగితం తిప్పుకుంటూ వచ్చాం. ఆయన ఒక పాట చదివితే, అదే పాట నా వైపు ఎక్కడుందో వెతికాను. కొన్ని దొరికాయి, కొన్ని దొరకలేదు. ఇద్దరి వేళ్లూ దగ్గరికి వచ్చేసరికి రాత అయిపోయింది. నడుమ కొన్ని కాగితాలు మిగిలాయి. వాటి మీద అక్షరం లేదు. కానీ ఒక్కటీ ఊరికే వదిలిపెట్టలేదు. ప్రతి కాగితానికీ తెలుగు పుటలకు మల్లే ఎడమవైపు అంచు విడిచి, పైనుంచి కిందిదాకా పెన్సిలుతో సన్నగా, తిన్నగా అడ్డగీతలు కొట్టి ఉంచాడు.